బతికున్న భాగమ్మ

తాండూరు,
18 జనవరి 1954

అన్న ఏసుదాసుకు,

చెల్లెలు భాగమ్మ వందనాలు. వదిన మోకాళ్ల నొప్పి ఎట్లా ఉందో నువ్వు రాయలేదు. నా బిడ్డ సువార్త వదినకు పనిలో సాయం చేస్తోందా, లేక పుస్తకం పట్టుకుని కూర్చుంటోందా?

ఆశ్రమం నుంచి జవాబు వచ్చింది. కామారెడ్డి దాటాక అడవి కొట్టి కట్టారని చెప్పాను కదా, అదే. నా రోగం ఉన్నవాళ్లను మాత్రమే ఉంచుకుంటారు. ఫిబ్రవరి పదిహేను లోపల వస్తే మంచం ఇస్తామని, ఆ రోజు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తామని డాక్టరమ్మ రాసింది. మూడు నాలుగేళ్లు ఉండాలట. కొత్త మాత్రలు వచ్చాయి, నయమవుతుంది అని కూడా రాసింది. ఆ ఒక్క మాట నాలుగుసార్లు చదువుకున్నాను.

ఇక్కడ ఇంక ఉండే వీలు లేదు. మీ బావ గనిలో బండ కింద పడి చనిపోయి రెండేళ్లయినా గని వాళ్లు నన్ను ఈ గదిలో ఉండనిచ్చారు. ఇప్పుడు చెంప మీది మచ్చ కొంగుకు దాగడం లేదు. కుడి చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు వంగిపోయాయి. మొన్న మేస్త్రీ వచ్చి వాకిట్లోనే నిలబడి, "అమ్మా, నీ మీద మాకు కోపం లేదు. కాని బావిల నీళ్లు అందరు తాగాలె గదా" అన్నాడు. నెలాఖరుకు ఖాళీ చేయాలి.

రైలులో మా లాంటి వాళ్లను ఎక్కనివ్వరు. బస్సులో ఎవరైనా గుర్తుపడితే సగం దారిలో దింపేస్తారు. అందుకని ఎడ్లబండి మాట్లాడుకున్నాం. బషీరాబాదు వైపు మనిషి, నర్సప్ప అని. నాకు ఒళ్లు కాలిందని అతనికి చెప్పాం.

ఈ మాట చెప్పింది నేనూ, గాజుల జహీరాబీ. పెళ్లయి ఈ వాడకు వచ్చిన నాటి నుంచి నాకు గాజులు తొడిగింది ఆమే. నా చేతికి స్పర్శ పోయిందని మొదట కనిపెట్టిందీ ఆమే. మీ బావ ఉన్నప్పటి సంగతి. గాజు చిట్లి వేలికి గుచ్చుకుని నెత్తురు కారుతుంటే నేను కబుర్లు చెబుతూనే ఉన్నానట. ఆమె నా మొహంలోకి చూసి, గుడ్డ కట్టింది. మచ్చ పైకి తేలేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆమె మొగుడు పోలీసు చర్య అయిన ఏడాది ఊరు విడిచి పోయి మళ్లీ రాలేదు. పిల్లలు లేరు. "ఒక్కదానివి గంత దూరం ఎట్ల పోతవు? నేను వస్త" అంది. వద్దన్నాను. వినలేదు.

అన్నా, నువ్వు కూడా రా. రాలేకపోతే, మేం వికారాబాదు మీదుగా పోయేటప్పుడు సువార్తను ఒకసారి కళ్లకు చూపించు. ఏడాది దాటింది దాన్ని చూసి. ముట్టుకోనులే. దూరంగానే ఉంటాను.

నీ చెల్లెలు
భాగమ్మ


వికారాబాదు,
24 జనవరి 1954

ప్రియమైన చెల్లెలు భాగమ్మకు,

నీ ఉత్తరం అందింది. ఆశ్రమంలో చోటు దొరకడం దేవుని కృప. ఆలస్యం చేయకుండా బయలుదేరు.

నేను రావడం కుదరదు. బడిలో పరీక్షలు దగ్గరపడ్డాయి, ఉన్నది ముగ్గురం ఉపాధ్యాయులం. సెలవు అడిగితే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పలేను. మా ఇల్లు బడి ఆవరణలోనే ఉందని నీకు తెలుసు. అందుచేత బండిని ఇంటి వైపు తేవద్దు. నన్ను తప్పుగా అనుకోకు. నలభై మంది పిల్లలు తిరిగే చోటు.

ఊరు దాటాక మోమిన్‌పేట దారిలో, మలుపు తిరగ్గానే కుడి పక్కన గట్టు కట్టిన బావి ఒకటి ఉంది. ఫిబ్రవరి రెండు, మంగళవారం పొద్దున అక్కడ ఆగండి. సువార్తను తీసుకుని వస్తాను. దానికి చెప్పాను. తల ఊపింది.

దారిలో నీళ్లు కాచి తాగు. కాళ్లకు చెప్పులు వేసుకో. నీకు దెబ్బ తగిలినా తెలియదు కాబట్టి రోజూ పాదాలు చూసుకోమని ఇక్కడి కాంపౌండరు చెప్పాడు, ఎవరికోసమో చెప్పకుండా అడిగాను.

ప్రార్థనలో నిన్ను తలుచుకునే
ఏసుదాసు


సదాశివపేట,
5 ఫిబ్రవరి 1954

అన్నా,

ఇది సంతలో కొన్న కాగితం. ఒక కొట్టు అరుగు కింద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు.

శనివారం తెల్లవారుజామున తాండూరులో బండెక్కాం. వాడలో ఎవరూ బయటికి రాలేదు. రెండు ఇళ్లలో మాత్రం తలుపు సందు నుంచి చూశారు. ధారూరు దాటాక అనంతగిరి ఎక్కుడులో ఎడ్లు లాగలేకపోతే దిగి నడిచాం. నర్సప్ప మంచివాడే, సగం కన్నడం సగం తెలుగు మాట్లాడతాడు. జహీరాబీ దారి పొడుగునా అతన్ని నవ్వించింది. నేనూ నవ్వాను. ఏదో పెళ్లికి పోతున్నట్టే ఉండింది.

మంగళవారం పొద్దున నువ్వు చెప్పిన బావి దగ్గర బండి ఆపాం. ఎండ ఎక్కింది. నీళ్లకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి, ఖాళీ బిందెలతోనే వెనక్కి పోయారు. మధ్యాహ్నం అయింది. "వస్తరు తీ, మాస్టరు గదా, బడి ఇడిచినంక వస్తరు" అంది జహీరాబీ. బడి విడిచే పొద్దు కూడా దాటింది. పొద్దు గూట్లో పడేదాకా కూర్చున్నాం. నువ్వు రాలేదు. సువార్తా రాలేదు.

ఏదో అడ్డం వచ్చి ఉంటుంది. వదినకు బాగాలేదేమో, లేక బడికి ఎవరైనా పెద్దవాళ్లు వచ్చారేమో. రాసి పంపు, నా మనసుకు కాస్త నెమ్మది.

ఇంకో సంగతి. మోమిన్‌పేటలో ఆగి వంట చేసుకున్నప్పుడు నా ఎడమ పాదం పొయ్యి రాయి మీద ఉంది. నాకు తెలియలేదు. కాలిన వాసన నర్సప్పకు ముందు తెలిసింది. పాదం వైపు చూశాడు, నా మొహం వైపు చూశాడు. ఇక్కడికి వచ్చాక మా మూటలు కింద పెట్టి, "బ్యాడ తాయీ, వద్దమ్మా, నాకు పిల్లలున్నరు" అన్నాడు. ఎడ్ల మెడలు కడిగి, బండి కడిగి, వెనక్కి తిప్పుకుని పోయాడు. తిట్టలేదు.

జహీరాబీని కూడా అతనితో పొమ్మన్నాను. "నోర్ముయ్" అంది. ఇంకా సగం కంటే ఎక్కువ దూరం ఉంది.

భాగమ్మ


ఆశ్రమం,
20 ఫిబ్రవరి 1954

అన్న ఏసుదాసుకు,

పదిహేనో తేదీ సాయంత్రం చేరాను. ఒక్క రోజు ఆలస్యమైతే మంచం పోయేది. క్షేమమే అని రాయాలి కాబట్టి రాస్తున్నాను.

సదాశివపేటలో చింతపండు బస్తాల లారీ ఒకటి దొరికింది. డ్రైవరు గులాం నబీ. జహీరాబీ ఉర్దూలో ఏం చెప్పిందో, నన్ను బస్తాల మీద ఎక్కించుకున్నాడు. మెదకులో దింపాక చేతులు జోడించాను. వంగిన వేళ్లు అతనికి కనబడ్డాయి. "నేను చూడలే, మీరు ఎక్కలే" అని లారీ ఎక్కి పోయాడు.

మెదకు నుంచి నడక. కాలిన పాదం పుండయింది, నొప్పి లేదు కాబట్టి నడిచాను. అదే ఈ రోగం చేసే మోసం అని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఒక ఊళ్లో చావడిలో పండుకోనివ్వలేదు. జహీరాబీని రమ్మన్నారు, నన్ను వద్దన్నారు. ఆమె చాప చుట్టుకుని నాతోపాటు మిరప చేను గట్టుకు వచ్చింది. కామారెడ్డి దాటాక నేను నడవలేకపోయాను. చివరి రెండు మైళ్లు ఆమె నన్ను వీపున మోసింది. ఆమె వయసు నలభై ఆరు అన్నా.

లోపలికి రోగులను మాత్రమే రానిస్తారు. గేటు దగ్గర నా మూట నాకిచ్చి, "మాత్రలు మింగు, ఏడ్వకు" అని వెనక్కి నడిచింది. ఒక్కతే తాండూరు ఎట్లా చేరిందో తెలియదు.

ఇక్కడ ఆడవాళ్లం అరవై మందిమి. తెల్ల మాత్రలు ఇస్తారు. పుండు రోజూ కడుగుతారు. నా చేయి పట్టుకుని కట్టు కట్టేవాళ్లు ఉన్నారని మొదటి రోజు నమ్మబుద్ధి కాలేదు.

మంగళవారం ఏమైందో నువ్వింకా రాయలేదు. సువార్త ఎట్లా ఉంది?

భాగమ్మ


వికారాబాదు,
10 మార్చి 1954

చెల్లెలికి,

నువ్వు క్షేమంగా చేరినందుకు దేవునికి స్తోత్రం. జహీరాబీ చేసిన మేలు మరువరానిది.

ఆ మంగళవారం మేం వచ్చాం. బడిలో ఆలస్యమై నాలుగింటికి చేరాం. అప్పటికి మీ బండి వెళ్లిపోయింది. సువార్త చాలా బాధపడింది. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

సువార్తకు నవాబుపేట నుంచి సంబంధం వచ్చింది. పిల్లవాడు బడిపంతులు. మంచి కుటుంబం, వాళ్ల అమ్మ బీరమ్మ సంఘంలో పేరున్న మనిషి. వచ్చి చూసి పోయారు. ఇష్టపడ్డారు.

ఒక్క మనవి. కవరు మీద ఆశ్రమం పేరు రాయకు. పోస్టుమాన్ మా బడి పిల్లవాడి తండ్రి.

నీ అన్న
ఏసుదాసు


ఆశ్రమం,
17 జూన్ 1954

ఏసుదాసన్నకు,

నేను చచ్చిపోయిన తేదీ ఏదో నాకు కూడా రాసి పంపు.

జహీరాబీ వచ్చింది. మే నెలలో వచ్చి, గేటు బయట రోడ్డు పక్కన గుడిసె వేసుకుంది. ఎందుకు వచ్చిందో మొదట చెప్పలేదు. తర్వాత చెప్పింది. నాతో బండెక్కి పోయిన సంగతి నర్సప్ప వల్ల తాండూరంతా తెలిసింది. గాజులు తొడగాలంటే చెయ్యి పట్టుకోవాలి కదా. ఒక్క ఇంట్లో కూడా ఆమెకు చెయ్యి ఇవ్వలేదు. మూడు నెలలు చూసింది. ఒకామె గాజులు తీసుకుంటానని, గంప అక్కడే పెట్టి నువ్వు దూరంగా నిలబడు, నేనే తొడుక్కుంటా అందట. ఆ మరునాడు బయలుదేరింది. ఆమెకు ఏ రోగమూ లేదు. ఇక్కడి డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది.

వచ్చే దారిలో నీ దగ్గరికి రావాలని వికారాబాదులో దిగింది. బజారులో నీ ఇల్లు అడిగితే ఒకాయన, "మాస్టరు చెల్లెలు పాపం మెదకు దారిల పోయింది గదా, సంఘంల ప్రార్థన గూడ పెట్టిండ్రు" అన్నాడట. ఆమె నీ ఇంటికి రాకుండానే తిరిగి బస్సెక్కింది.

నాలుగింటికి వచ్చామని రాశావు. నేను పొద్దు మునిగేదాకా ఆ బావి గట్టు మీదే ఉన్నాను. బండి కదల్లేదు. ఆ అబద్ధం చిన్నది, మన్నిద్దామనుకున్నాను. కాని ఇది? నా బిడ్డకు తల్లి చచ్చిందని చెప్పడానికి నీకు నోరెట్లా వచ్చింది? అది ఎంత ఏడ్చిందో? దాన్ని ఎవరు పట్టుకున్నారు ఆ పూట?

మన అమ్మ కడుపున పుట్టినవాడివేనా నువ్వు?

భాగమ్మ


వికారాబాదు,
2 జులై 1954

భాగమ్మా,

అవును. నువ్వు పోయావని చెప్పాం. ప్రార్థన జరిగింది మార్చి ఇరవై ఒకటిన.

తిట్టు. నేను జవాబు చెప్పుకోను. తప్పు నాది. పెళ్లి సెప్టెంబరులో. నవాబుపేట వాళ్లకు నిజం తెలిస్తే ఈ సంబంధమే కాదు, ఇంకేదీ రాదు. పిల్ల బతుకు గురించి ఆలోచించు.

సువార్తకు తెలియవలసింది తెలుసు. దాని గురించి నన్ను అడగకు.

సంవత్సరానికి ఒక కార్డు రాస్తాను. నీకు జవాబు రాయాలని లేకపోతే రాయకు.

ఏసుదాసు


ఆశ్రమం,
3 నవంబరు 1957

అన్నకు,

మూడేళ్లు నీ కార్డులు తీసుకుని పెట్టెలో వేశాను, జవాబు రాయలేదు. సువార్త పెళ్లయిందనీ, పోయిన ఫిబ్రవరిలో కొడుకు పుట్టాడనీ వాటి వల్లనే తెలిసింది. అందుకు మాత్రం నీకు రుణపడ్డాను.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. నాకు నయమైంది. చెవి తమ్మె గీరి తడి తీసి, రోగపు క్రిములు ఉన్నాయేమో గాజుపలక మీద చూస్తారు. వరసగా మూడుసార్లు ఏమీ కనబడలేదు. పోయిన సోమవారం డాక్టరమ్మ కాగితం చేతికిచ్చి, "ఇంక మీ ఇంటికి పోవచ్చమ్మా" అంది. వంగిన వేళ్లు వంగినట్టే ఉంటాయి, ఎడమ పాదంలో రెండు వేళ్లు లేవు. కాని నా వల్ల ఎవరికీ ఏమీ రాదు. ఈ కాగితం చూపిస్తే రైలులో ఎక్కనిస్తారు.

ఇంటికి పొమ్మంటే ఏ ఇంటికి అని అడగలేకపోయాను.

నేను ఎవరి సంసారం చెడగొట్టను. నవాబుపేటలో అడుగు పెట్టను. నువ్వు పోయి సువార్తను పక్కకు పిలిచి, మీ అమ్మ బతికే ఉంది అని ఒక్క మాట చెప్పు. అంతే. దానికి తెలిస్తే చాలు. అది ఎవరికీ చెప్పనక్కరలేదు. నువ్వు చెప్పకపోతే జహీరాబీ పోతానంటోంది. క్రిస్మసుకు ఎట్లాగూ క్రైస్తవుల ఇళ్లలో కొత్త గాజులు తొడుగుతారు. ఆమె గంప ఎత్తుకుని పోతే ఎవరూ అనుమానపడరు.

మా ఇద్దరికీ వయసు మీద పడింది అన్నా. ఈ పని నువ్వే చేయి.

భాగమ్మ


వికారాబాదు,
20 నవంబరు 1957

చెల్లె భాగమ్మకు,

నీకు నయమైందన్న వార్త చదివి వదినా నేనూ మోకాళ్ల మీద కూర్చున్నాం. ఇది నిజం, నమ్ము.

కాని జహీరాబీని నవాబుపేటకు పంపకు. చేతులు జోడించి అడుగుతున్నాను. కారణం నీకు తెలియకపోవడమే మంచిది. నీకు ఇక్కడికి రావాలని ఉంటే రా, నేనే వచ్చి తీసుకుపోతాను, ఊరందరి ముందూ నేను అబద్ధమాడానని చెబుతాను, ఉద్యోగం పోతే పోనీ. ఒక్క సువార్త జోలికి మాత్రం పోవద్దు.

ఏసుదాసు


ఆశ్రమం,
6 జనవరి 1958

అన్నా,

నీ ఉత్తరం రావడం ఆలస్యమైంది. అప్పటికే జహీరాబీ బయలుదేరింది. మొన్న తిరిగి వచ్చింది. ఏం జరిగిందో ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. నీకు తెలియనిది ఏమీ ఉండదు. నాకే తెలియదు ఇన్నాళ్లూ.

పండుగకు మూడు రోజుల ముందు నవాబుపేటలో బీరమ్మ గారింటికి పోయింది. గడపలో చాప పరిచారు. ముందు బీరమ్మకు తొడిగింది. తర్వాత కోడల్ని పిలిచారు. సువార్త కొడుకును చంకనేసుకుని వచ్చింది. జహీరాబీని చూడగానే గుర్తుపట్టింది. చేయి చాచినదల్లా వెనక్కి తీసుకుంది. "నాకు గాజులొద్దు అత్తమ్మా" అంది. "మొన్న కావాలంటివి గదనే" అంది అత్త. "ఈమె ఎవరో ఏమో, నాకు తెల్వనోళ్ల చేత తొడిగించుకోను" అని లోపలికి పోయింది.

జహీరాబీ గంప ఎత్తుకుని వాడ దాటుతుంటే, వెనక దొడ్డి గోడ దగ్గర సువార్త నిలబడి ఉందట. పిల్లవాడు లేడు చేతిలో. జహీరాబీ, "బిడ్డా, మీ అమ్మ సావలే. బతికే ఉన్నది. మంచిగ అయ్యింది" అని చెప్పింది.

"నాకు తెలుసు" అంది సువార్త.

అన్నా, ఇక్కడి నుంచి అది అన్న మాటలు. జహీరాబీ నాకు మూడుసార్లు చెప్పింది, ఒక్క మాటా మారలేదు.

"మామ చెప్పలే జహీరమ్మా, నేనే చెప్పిన. పెండ్లోళ్లు వచ్చి మీ అమ్మ ఏదని అడిగితే, మామ నోరు తెరిచేటాల్లకే నేను చెప్పిన, మెదకు దారిల చచ్చిపోయిందని. మామ మొఖం తెల్లగైంది. వాళ్లు పోయినంక నన్ను ఏమనలే, దొడ్లకు పోయి కూసున్నడు. సంఘంల ప్రార్థన పెట్టుమన్నది గూడ నేనే. పెట్టకుంటే ఎవ్వరు నమ్మరని.

"బావి కాడికి గూడ వచ్చినం. పొద్దుగాలనే వచ్చినం. మలుపు కాడ నిలబడి చూసిన. బిందెలు పట్టుకొని ఇద్దరు ఆడోళ్లు మా ఎదురుంగ ఉరికొస్తున్నరు, కొంగులు ముక్కుకు పెట్టుకొని. అమ్మ గట్టు మీద కూసొని కాలు చూసుకుంటున్నది. నాకు అమ్మ లెక్క కనబడలే. మామ చెయ్యి పట్టి గుంజుకొని పోయిన. మామ ఏడ్చిండు. నేను ఏడ్వలే.

"మామను తిట్టొద్దని అమ్మకు చెప్పు. ఇంక నువ్వు రాకు. నాకు ఈ ఇల్లు తప్ప ఇంకోటి లేదు."

అంతే. లోపల పిల్లవాడు ఏడిస్తే పోయింది.

రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు. జహీరాబీ నా ఎదురుగా కూర్చుని, "నాదే తప్పు. నేను పోకుంటే అయిపోతుండె" అని తల కొట్టుకుంది. ఆమె తప్పు ఏముంది. నీ తప్పూ లేదు. నాలుగేళ్లు నిన్ను తిట్టుకున్నాను. నిద్ర లేచిన దగ్గర నుంచి తిట్టుకున్నాను. "మన అమ్మ కడుపున పుట్టావా" అని రాశాను. నువ్వు ఆ మాట కూడా మింగి ఊరుకున్నావు, నా బిడ్డ మీద నాకు మనసు విరగకూడదని. నన్ను మన్నించు అని రాయడం తేలిక. ఇంకేం రాయాలో తెలియదు.

సువార్త మీద కోపం లేదంటే అబద్ధం. ఉంది. కాని మన చిన్నప్పుడు వికారాబాదు సంతకు ఈ రోగపు ముసలామె ఒకామె వచ్చేది, గుర్తుందా? నేను నీ వెనక దాక్కునేదాన్ని. నువ్వు రాయి విసిరావు. ఆమె తిరిగి చూసింది, మనం నవ్వుతూ పరుగెత్తాం. ఆమెకూ పిల్లలు ఉండే ఉంటారు. నిన్న రాత్రంతా ఆమె మొహమే కళ్ల ముందుంది.

నువ్వు వచ్చి తీసుకుపోతానన్నావు. వద్దు. నేను వస్తే సువార్త అబద్ధం బయటపడుతుంది. పదహారేళ్ల పిల్ల భయపడి ఆడిన మాటకు దాన్ని నడివీధిలో నిలబెట్టలేను. నేను చచ్చినట్టే ఉంటాను. ఆశ్రమంలో పుండ్లు కడిగి కట్లు కట్టే పని ఇస్తామన్నారు. ఒప్పుకున్నాను. గేటు బయట జహీరాబీ గుడిసెకు ఇంకో గది వేసుకుంటున్నాం. అదే ఇల్లు.

దీనితో ఇంకో కాగితం పెడుతున్నాను. సువార్తకు నువ్వే చేతికివ్వు. ప్రేమలూ కన్నీళ్లూ ఏమీ రాయలేదు అందులో, భయపడకు. ఒంటి మీద మచ్చ ఎట్లా మొదలవుతుందో, స్పర్శ ఉందో లేదో ఈకతో ఎట్లా చూసుకోవాలో రాశాను. అది చిన్నప్పుడు నా పక్కలో పడుకుని పెరిగిన పిల్ల. ఈ రోగం లోపల పదేళ్లయినా దాగి ఉంటుంది. ఆరు నెలలకోసారి తన ఒళ్లూ, పిల్లవాడి ఒళ్లూ వెలుతురులో చూసుకోవాలి. మొదట్లోనే కనిపెడితే మాత్రలతో పోతుంది, వేళ్లు వంగవు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. నాకు ఎవరూ చెప్పలేదు. దానికి చెప్పకుండా నేను ఉండలేను.

ఆ ఒక్క పని చేసిపెట్టు.

నీ చెల్లెలు
భాగమ్మ


వికారాబాదు,
2 మార్చి 1958

నా చెల్లెలు భాగమ్మకు,

నీ కాగితం నెలన్నర నా దగ్గరే ఉంది. వెంటనే పోనందుకు కారణాలు వెతుక్కోను. నాకు ధైర్యం చాలలేదు. నిన్న శనివారం నవాబుపేట పోయి వచ్చాను.

అల్లుడు బడికి పోయాడు. బీరమ్మ గారు ముందు గదిలో పప్పు చెరుగుతున్నారు. నీళ్ల బిందె దించుతున్న సువార్తకు కాగితం ఇచ్చాను. రాత చూడగానే తెలిసిపోయింది. పొయ్యి దగ్గరికి పోయి, నిలబడే చదివింది. రెండోసారి చదివింది. తర్వాత మంటలో పెట్టింది. పూర్తిగా కాలేదాకా పుల్లతో ఎగదోసింది.

"ఏం కాగితమే అది?" అని ముందు గదిలోంచి అడిగారు అత్తగారు.

"మామ బడి కాగితం" అంది.

నేను లేవబోయాను. "కూసో మామా" అని, పిల్లవాణ్ని ఎత్తుకుని దొడ్డిలోకి పోయింది. నన్నూ రమ్మంది. ఎండలో మంచం వేసి, వాడి అంగీ విప్పింది. వీపు, చేతులు, తొడలు, చెవుల వెనక, ఒక్కొక్కటీ చూసింది. కోడి ఈక ఒకటి ఏరుకొచ్చి వాడి ఒంటి మీద మెల్లగా ఆనించింది. వాడు ప్రతిసారీ కదిలి నవ్వాడు. ఎక్కడ ఆనించినా నవ్వాడు. తర్వాత తన చేతులు చూసుకుంది, పాదాలు చూసుకుంది. మెడ వెనక జుట్టు పైకెత్తి నా వైపు తిరిగి, "నాకు కనబడది. నువ్వు చూడు" అంది.

కళ్లజోడు తుడుచుకుని చూశాను. ఏమీ లేదు భాగమ్మా. శుభ్రంగా ఉంది.

"ఏం లేదు బిడ్డా" అన్నాను. జుట్టు వదిలేసింది. నేను ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పిల్లవాడికి అంగీ తొడిగింది, గుండీలు పెట్టింది.

అప్పుడు అడిగింది, నా వైపు చూడకుండా.

"అమ్మ అన్నం తన చేత్తోనే తింటదా మామా?"

"తింటుంది" అన్నాను.

"మంచిది" అంది.

ఆరు నెలలకు మళ్లీ రమ్మంది, మెడ వెనక చూడటానికి. బస్సు వచ్చే పొద్దయిందని లేచాను. గడప దాకా వచ్చింది. నీ గురించి అది అడిగింది ఆ ఒక్క మాటే. ఎక్కువ చేసి రాయలేదు, తక్కువ చేసి రాయలేదు.

ఆగస్టులో పోయి వచ్చి మళ్లీ రాస్తాను.

అన్న
ఏసుదాసు